మయసభ, మహాసముద్రం



ఓడల గురించి వ్రాయడానికి ఈ తెలుగు మాస్టారికి ఏం అర్హత ఉన్నదని మీరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ముప్ఫై అయిదేళ్లు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన వాణ్ణి. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో చాలాకాలం పని చేశాను గనుక నావలను దగ్గరగానూ, ఓడలను దూరంగానూ చూశాను. అంతకు మించి సముద్రంతో పరిచయం లేదు. అయితే పరీక్షలతో మాత్రం గట్టి పరిచయం ఉంది. ప్రశ్నపత్రాలు కూర్చడం, జవాబుపత్రాలు దిద్దడం, తప్పిన పిల్లల తండ్రులకు జవాబు చెప్పుకోవడం, వీటితోనే నా జీవితం గడిచిపోయింది. ఈ టపా నిజానికి పరీక్షల గురించే. ఓడను నడపడానికి ఎవరో ఒక కొత్త సాధనం కనిపెడతారు. దాన్ని నమ్మవచ్చునని ఎక్కడ తేల్చాలి, ఎవరు తేల్చాలి? గదిలోనా, కడలిలోనా? ఈ ప్రశ్న నాకెందుకు పట్టుకున్నదో మొదట చెబుతాను.

మొన్న సంక్రాంతి వెళ్లిన తరువాత విశాఖపట్నం వెళ్లాను. అక్కడ నా పాత శిష్యుడు ఒకడున్నాడు. పేరు వ్రాస్తే అతనికి ఇష్టం ఉండదు. మత్స్యకారుల బిడ్డ. ఇరవై ఏళ్లకు పైగా దేశదేశాల ఓడల మీద తిరిగి, కెప్టెన్ అయి, ఇప్పుడు ఒడ్డుకు చేరి, కొత్తగా ఓడలెక్కబోయే కుర్రాళ్లకు పాఠాలు చెబుతున్నాడు. "అప్పుడు మీ క్లాసులో నేను కూర్చున్నాను మాస్టారూ, ఇప్పుడు నా క్లాసులో మీరు కూర్చోవాలి" అని పట్టుబట్టి తీసుకువెళ్లాడు.

అది తరగతి గదిలా లేదు. ఓడను నడిపే గదిని వాళ్లు బ్రిడ్జి అంటారట. అచ్చం అలాంటి గదినే నేల మీద కట్టారు. ముందు చక్రం, పక్కన రాడార్, దాని పక్కన ఎలక్ట్రానిక్ పటం, ఇంజను వేగం పెంచే తగ్గించే పిడులు. కిటికీలు ఉండవలసిన చోట అర్ధచంద్రాకారంగా పెద్ద పెద్ద తెరలు. తెరల నిండా సముద్రం. విశాఖ రేవులోకి ప్రవేశిస్తున్నాం. ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తున్నది. మా వాడు వెనక గదిలోకి వెళ్లి ఏదో మీట నొక్కాడు. పొద్దుగుంకింది. ఇంకొకటి నొక్కాడు. వాన మొదలైంది. మూడోది నొక్కేసరికి కెరటాలు లేచాయి, తెర మీద ఓడ ముక్కు పైకీ కిందికీ ఊగసాగింది. గది నేల వెంట్రుకవాసి కూడా కదలలేదు. నేను మాత్రం ఎదుట ఉన్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. కడుపులో తిప్పింది. అక్కడున్న కుర్రాళ్లు నవ్వాపుకోలేక పోయారు.

"అందరికీ అలాగే అవుతుంది మాస్టారూ" అన్నాడు మా వాడు. "కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఓడ ముంచినవాడు సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం తింటాడు."

ఆ మాట వినగానే నాకు మయసభ గుర్తుకు వచ్చింది. అందులో దుర్యోధనుడు రెండు రకాలుగా మోసపోయాడు. నేలను చూసి నీరనుకొని బట్ట ఎగగట్టాడు. నీటిని చూసి నేల అనుకొని అడుగు వేసి తడిసిపోయాడు. మొదటి పొరపాటుకు నవ్వులపాలైతే సరిపోతుంది. ఆ రోజు నాకు జరిగింది అదే. రెండోదానితో ప్రమాదం. ఇంకా కల్లోల సముద్రమే ఉన్నచోట, 'ఇది మనం గదిలో పరీక్షించి చూసిన గట్టి నేలే' అనుకొని అడుగు వేయడం అది.

ఇలా అన్నానని, ఈ కృత్రిమ సముద్రాలంటే నాకు చులకన అనుకోకండి. అవి లేనినాడు నేర్చుకోవలసినదంతా నిజం ఓడ మీదే, నిజం మనుషుల ప్రాణాల మీదే నేర్చుకోవలసి వచ్చేది. నావికుల శిక్షణకు 1978లో ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికను 1995లో సవరించినప్పుడు, రాడార్ వాడకంలో సిమ్యులేటర్ మీద తర్ఫీదు తప్పనిసరి చేశారు. మంచి పని. కొత్త సాధనాలను పరీక్షించడానికి కూడా ఈ గదులు ఎంతో అవసరం. ఎదుటి ఓడను చూసి తనంతట తాను పక్కకు తప్పుకునే కంప్యూటరు కార్యక్రమం ఒకటి తయారయిందనుకోండి. నిజం సముద్రంలో నెల్లాళ్లు తిరిగినా అసలైన గండం ఒకటి రెండుసార్లు ఎదురైతే ఎక్కువ. గదిలో అయితే ఒక్క రాత్రిలో వేల గండాలు సృష్టించి, ప్రతిదానిలో అది ఏం చేసిందో వ్రాసి పెట్టుకోవచ్చు. మంచులో ఒకసారి, ఎదురుగాలిలో ఒకసారి, ఇంజను ఆగిపోయినప్పుడు ఒకసారి. తప్పు చేస్తే దిద్ది మళ్లీ పెట్టవచ్చు. ఒడ్డున కూర్చొని ఈత నేర్చుకోలేమన్న మాట నిజమే. ఒడ్డున కొంత నేర్చుకోకుండా ఏట్లోకి దూకమని కూడా ఎవరూ చెప్పరు.

నా సందేహం ఆ గది మీద కాదు, ఆ గదిలో ప్రశ్నలు వేసేవాడి మీద. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

కుర్రాళ్లు వెళ్లిపోయాక మా వాణ్ణి అడిగాను. "నాయనా, ఈ సముద్రంలో మన వాళ్ల నావలేవి?" అతను కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత వెనక గదిలోకి వెళ్లి నాలుగు చేపల పడవలను తెర మీదికి తెచ్చాడు. నాలుగూ చక్కగా, నియమం ప్రకారం, ఎక్కడ ఉండవలసిన రంగు దీపం అక్కడ పెట్టుకొని ఉన్నాయి. రాడార్‌లో నాలుగు స్పష్టమైన చుక్కలు కనిపించాయి.

"నిజంగా ఇలాగే ఉంటాయా?" అన్నాను.

"ఎక్కడుంటాయి మాస్టారూ! మా తమ్ముడు ఫైబర్ బోటు మీద వేటకు వెళతాడు. వాడి దగ్గర ఉన్నది ఒక టార్చిలైటు. ఓడ మీదికి వచ్చేస్తుంటే దాన్ని ఊపుతాడు. ఫైబరూ కర్రా రాడార్‌కు సరిగా ఆనవు; కెరటాలు లేచాయంటే ఆ చుక్క కెరటాల చుక్కల్లో కలిసిపోతుంది. ఇక్కడ టార్చిలైటు బోటు పెట్టాలంటే నేను ప్రత్యేకంగా తయారు చేసుకోవాలి. నాకు తెలుసు గనుక పెడతాను. తెలియనివాడు పెట్టడు."

తెలియనివాడు పెట్టడు. ఈ మాటతోనే నా తప్పు నాకు గుర్తుకు వచ్చింది.

1990ల మొదట్లో ఒక అర్ధసంవత్సర పరీక్షలో నేనొక వ్యాసం ప్రశ్న ఇచ్చాను. 'రాత్రి ఆకాశమును వర్ణింపుము.' పది మార్కులు. నాకు కావలసినవి ఉపమలు, ఉత్ప్రేక్షలు. నల్లని పట్టుచీర మీద ముత్యాలు, అలాంటివి. ఈ అబ్బాయి నాలుగే వాక్యాలు వ్రాశాడు. చుక్కల్లో గొల్లకావడి అని ఒకటి ఉంటుందనీ, అది పొడిచిన చోటే తూర్పనీ, దిగిన చోటే పడమరనీ, మా నాన్న దాన్ని చూసి ఇంటికి వస్తాడనీ వ్రాశాడు. నేను ఎర్ర సిరాతో పక్కన 'వర్ణన ఏదీ?' అని వ్రాసి పదికి ఒకటి వేశాను.

చాలా ఏళ్ల తరువాత తెలిసింది. గొల్లకావడి, అనగా మృగశిర పక్కన వరుసగా కనిపించే ఆ మూడు చుక్కలు, దాదాపుగా ఖగోళ మధ్యరేఖ మీదే ఉన్నాయి. అందువల్ల భూమి మీద ఎక్కడ నిలబడి చూసినా అవి ఇంచుమించు సరిగ్గా తూర్పున పొడిచి, సరిగ్గా పడమట అస్తమిస్తాయి. ఆ పిల్లవాడు వ్రాసిన నాలుగు వాక్యాల్లో తరతరాలుగా నిజం సముద్రం మీద పరీక్షకు నిలిచిన నౌకాశాస్త్రం ఉంది. నా ప్రశ్నపత్రంలో దానికి చోటు లేకపోయింది. ఆ రోజు తప్పింది పిల్లవాడు కాదు, ప్రశ్న అడిగినవాడు.

నాలాంటి పరీక్షకుడు చరిత్రలో లేకపోలేదు. ఓడ దారి కనుక్కునే సాధనాల పరీక్షల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది జాన్ హారిసన్ గడియారానిది. 1707లో ఇంగ్లండుకు నైరుతిగా ఉన్న సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకొని నాలుగు యుద్ధనౌకలు మునిగిపోయి, పద్నాలుగు వందల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. తాము ఎక్కడ ఉన్నదీ వారికి సరిగా తెలియలేదు. అక్షాంశం సూర్యుణ్ణీ ధ్రువనక్షత్రాన్నీ కొలిచి చెప్పవచ్చు. రేఖాంశం అలా చిక్కదు. మన పంచాంగాల్లో దేశాంతర సంస్కారం అని ఒకటి ఉంటుంది కదా, అదే లెక్క ఇక్కడా. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. బయలుదేరిన ఊళ్లో ఇప్పుడు టైమెంతో తెలిస్తే, ఇక్కడి మధ్యాహ్నంతో పోల్చి ఎంత దూరం జరిగామో చెప్పవచ్చు. కానీ గడియారం నాలుగు నిమిషాలు తప్పితే ఒక డిగ్రీ తప్పినట్లే; భూమధ్యరేఖ దగ్గర అది 111 కిలోమీటర్లు. ఊగే ఓడ మీద, చలికీ వేడికీ, ఉప్పుగాలికీ తట్టుకొని నెలల తరబడి సరిగా నడిచే గడియారం ఆనాడు లేదు.

1714లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసింది. అర డిగ్రీలోపు రేఖాంశం చెప్పగలిగిన పద్ధతికి ఇరవై వేల పౌన్ల బహుమతి. ఆ చట్టంలో నాకు నచ్చిన విషయం, పరీక్ష ఎక్కడ జరగాలో కూడా అందులోనే చెప్పడం. బ్రిటన్ నుంచి వెస్ట్ ఇండీస్ రేవు దాకా, మహాసముద్రం మీద. హారిసన్ వడ్రంగి, చదువుకున్న పండితుడు కాదు. ఆయన మొదటి గడియారం 1736లో లిస్బన్‌కు వెళ్లి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎదుట కనిపిస్తున్న కొన ఏదో నావికులు ఒకటి చెబితే, గడియారాన్ని నమ్ముకొని హారిసన్ మరొకటి చెప్పాడు. హారిసన్ చెప్పినదే నిజమైంది. నాలుగో గడియారం అరచేతిలో పట్టేటంత చిన్నది. 1761 నవంబరులో ఆయన కుమారుడు దాన్ని తీసుకొని జమైకాకు బయలుదేరాడు. 81 రోజుల తరువాత లెక్క చూస్తే గడియారం తప్పింది 5 సెకన్లు.

పరీక్షాధికారులు నమ్మలేదు. కాకతాళీయం కావచ్చునన్నారు. 1764లో మళ్లీ బార్బడోస్‌కు పంపారు. 47 రోజుల్లో 39 సెకన్ల తేడా. అడిగినదానికంటే మూడు రెట్లు మెరుగు. అయినా పూర్తి బహుమతి ఇవ్వలేదు. 1766లో గడియారాన్ని గ్రీనిచ్ వేధశాలకు తీసుకువెళ్లి గదిలో పెట్టి దాదాపు పది నెలలు పరీక్షించారు. ఆ పరీక్ష పెట్టినవాడు నెవిల్ మాస్కెలిన్. చంద్రుడికీ చుక్కలకూ మధ్య దూరాన్ని కొలిచి రేఖాంశం చెప్పే పోటీ పద్ధతికి ఆయనే పెద్ద దిక్కు. రెండుసార్లు సముద్రాన్ని దాటి నెగ్గిన గడియారం ఆ గదిలో తప్పింది. నమ్మదగినది కాదని నివేదిక వచ్చింది. చివరకు 1772లో మూడో జార్జి రాజు తన సొంత వేధశాలలో హారిసన్ అయిదో గడియారాన్ని పరీక్షింపజేసి పూనుకొంటే తప్ప, 1773లో ఆ ముసలివాడికి పార్లమెంటు సొమ్ము అందలేదు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. నాలుగో గడియారానికి నకలుగా లార్కం కెండల్ చేసిన మరో గడియారం, 1772–75 మధ్య కుక్ ప్రయాణంలో మంచుసముద్రాల దాకా వెళ్లి నమ్మకంగా తిరిగి వచ్చింది.

మాస్కెలిన్‌ను దుర్మార్గుడని తిట్టడం తేలిక. నేను తిట్టలేను. ఒక్క గడియారం నెగ్గినంత మాత్రాన, దాన్ని మరొకరు చేయగలరా, అన్ని ఓడలకూ అందుతుందా అని అడగడం న్యాయమే. నకళ్లు చేయించి చూడమనడమూ న్యాయమే. కానీ పోటీలో ఉన్నవాడి చేతికి ఎర్ర సిరా ఇవ్వకూడదు. గది పరీక్ష అనగానే అది నిష్పాక్షికమని అనుకోకూడదనడానికీ, సముద్రం చెప్పిన జవాబును గది కొట్టివేయరాదనడానికీ ఈ కథ చాలు.

ఇది పాత కథ, ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా అంటారేమో. ఉపగ్రహాలు వచ్చిన తరువాతి కథ కూడా చెబుతాను. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే విహారనౌక పదిహేను వందల మందితో బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరింది. బయలుదేరిన గంటకల్లా జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. జీపీఎస్ పరికరం ఆగిపోలేదు. ఉపగ్రహాలు కనబడకపోయేసరికి, వేగాన్నీ దిశనూ బట్టి అంచనా వేసి స్థానం చెప్పడం మొదలుపెట్టింది. ఇది అంచనా మాత్రమేనని తన చిన్న తెర మీద చిన్న అక్షరాలతో చెప్పింది కూడా. ఆ సంకేతాన్ని గుర్తించేలా ఆటోపైలట్‌ను తయారు చేయలేదు. గాలీ ప్రవాహమూ ఓడను పక్కకు నెడుతుంటే, తెర మీద మాత్రం ఓడ గీసిన గీత మీదే వెళుతున్నది. 34 గంటలు గడిచాక, జూన్ 10 రాత్రి, నాన్‌టకెట్ దీవి దగ్గర ఇసుకమేట మీదికి ఎక్కింది. అప్పటికి అది దారి తప్పి 17 మైళ్లు. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. ఆ బ్రిడ్జిలోనే ఉన్న లోరాన్ అనే మరో పరికరం సరైన స్థానం చెబుతూనే ఉంది; రెండిటినీ పోల్చి చూసినవాడు లేడు. నీటి రంగు మారిందని కాపలావాళ్లు చెప్పారు, పట్టించుకోలేదు. విడివిడిగా చూస్తే అన్నీ మంచి పరికరాలే. కలిపి కూర్చోబెట్టి, 'తీగ ఊడితే ఏమవుతుంది?' అన్న ప్రశ్న మాత్రం వేసి చూడలేదు.

అంతకంటే బాధాకరమైనది 2017 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 21 తెల్లవారుజామున సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌక ఒక ట్యాంకరు ఓడతో ఢీకొంది. పదిమంది నావికులు చనిపోయారు. ఆ ఓడలో చుక్కానినీ వేగాన్నీ తాకుతెరల మీద నడిపే కొత్త పద్ధతి ఉంది. ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి పని మార్చబోయి, చుక్కాని ఎవరి చేతిలో ఉన్నదో తెలియక, అది పని చేయడం లేదని కంగారు పడ్డారు. యంత్రం చెడలేదు. కాపలాలో ఉన్నవారిలో కొందరు వేరే రకం పరికరాలున్న మరో ఓడ నుంచి తాత్కాలికంగా వచ్చినవారు. ఆ యంత్రం మీద వారికి సరైన తర్ఫీదు లేదు. 2019లో అమెరికా నౌకాదళం తాకుతెరలు తీసివేసి, ఓడ వేగాన్ని మార్చడానికి చేతితో పట్టుకునే పిడులనే తిరిగి పెట్టాలని నిర్ణయించుకుంది. యంత్రాన్ని ఒక గదిలో, మనిషిని ఒక గదిలో పరీక్షించి ఇద్దరికీ నూరు మార్కులు వేశామంటే, ఆ ఇద్దరూ కలిసి అర్ధరాత్రి ఏం చేస్తారో మనకు తెలిసినట్లు కాదు.

ఇప్పుడు మనుషులు లేని ఓడల కాలం మొదలైంది. 2018 డిసెంబరులో ఫిన్లండులో ఫాల్కో అనే పడవ, ఎనభైమంది అతిథులతో, మనిషి చెయ్యి తగలకుండా ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లింది. 2022 జనవరిలో జపానులో సొలైల్ అనే 222 మీటర్ల పెద్ద నౌక 240 కిలోమీటర్లు తనంతట తానే నడిచింది. సంతోషించవలసిన విషయాలే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మేఫ్లవర్ అనే పదిహేను మీటర్ల మానవరహిత నౌక. దాని 'యంత్ర కెప్టెన్'కు లక్షల చిత్రాలు చూపించి, అనుకరణ సముద్రాల్లో తర్ఫీదు ఇచ్చి, 2021 జూన్‌లో ఇంగ్లండు నుంచి అట్లాంటిక్‌లోకి పంపారు. మూడు రోజుల్లో వెనక్కి పిలిపించవలసి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ పంపితే, మధ్యలో అజోర్స్ దీవుల దగ్గర ఆగి మరమ్మతు చేయించుకొని, అమెరికా చేరవలసినది జూన్‌లో కెనడాలోని హాలిఫాక్స్ చేరింది. ఏ ఓడను ఎలా తప్పించుకోవాలన్న దాని బుద్ధి దాన్ని ఆపలేదు. ఆపినవి ఇంజను దగ్గరా విద్యుత్తు దగ్గరా వచ్చిన మామూలు యాంత్రిక లోపాలు. మనిషి ఉన్న ఓడలో అయితే మేస్త్రీ పానా పట్టుకొని వెళ్లి చూసివచ్చే పని. దాన్ని తయారు చేసినవారు ఈ లోపాలను దాచలేదు, బయటికి చెప్పారు. అందుకు వారికి నమస్కారం.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మూడే కోరికలు.

మొదటిది, ప్రశ్నపత్రం కూర్చేవాళ్లలో తడిసినవాళ్లు ఉండాలి. ఇంజనీర్లూ ప్రొఫెసర్లూ ఒక్కరే కూర్చుంటే నేను ఆకాశం మీద అడిగిన ప్రశ్నలాంటి ప్రశ్నలే వస్తాయి. రేవు పైలట్లనూ, సరంగులనూ, వేటకు వెళ్లేవాళ్లనూ కూర్చోబెట్టి 'మీకు ఏ రాత్రి భయం వేసింది?' అని అడగాలి. ఆ రాత్రులను గదిలోకి తేవాలి. టార్చిలైటు ఊపే ఫైబర్ బోటును తప్పించుకోలేని యంత్రం మన బంగాళాఖాతంలో తిరగడానికి పనికిరాదు, తక్కిన వేయి ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పినా సరే.

రెండోది ఇంతకంటే ముఖ్యం. గదిలో పరీక్ష అయిన తరువాత నిజం సముద్రంలో పెట్టక తప్పదు. అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ నిజం సముద్రం ఖాళీగా ఉండదు. కొత్త సాధనం తప్పు చేస్తే దాన్ని కనిపెట్టినవాడు ఒడ్డున ఉంటాడు. దాని ఎదుట పడేది వేటకు వచ్చినవాడి పడవ. ఆ పరీక్షలో వాడు కూడా కూర్చుంటున్నాడు. హాల్ టికెట్టు లేదు, పరీక్ష ఉన్నట్లు కబురైనా లేదు. స్వయంచాలిత నౌకల ప్రయోగాల మీద అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2019లో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రయోగం వల్ల ప్రభావం పడగల ఇతరులకు తెలియజేయడానికి తగిన ప్రయత్నం చేయాలని వాటిలో ఉంది. కాగితం మీద మంచి మాట. మన దగ్గర దానికి దారి కూడా ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లనూ, సముద్రం తీరునూ మత్స్యకారులకు చాలాకాలంగా తెలియజేస్తున్నది. మన తీరంలో ఎప్పుడైనా ఇలాంటి ప్రయోగం జరిగితే, ఆ కబురు కూడా అదే దారిన, తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే గుర్తులతో, వేటకు వెళ్లకముందే చేరాలి. ఏ దిక్కున, ఏ రాత్రి, ఏ రంగు దీపంతో వస్తుందో చెప్పాలి. చెప్పకుండా పెట్టిన పరీక్షను నేను పరీక్ష అనను.

మూడోది, పాత విద్యను చంపకూడదు. 2013లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, యజమాని అనుమతితోనే, మధ్యధరా సముద్రంలో ఒక పెద్ద విహారనౌకకు దొంగ జీపీఎస్ సంకేతాలు పంపి దాన్ని దారి మళ్లించి చూపారు. బ్రిడ్జిలో ఒక్క హెచ్చరిక గంట కూడా మోగలేదు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో ఉన్న ఇరవైకి పైగా ఓడలకు, తాము ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్లు జీపీఎస్ చూపింది. అటువంటప్పుడు అబద్ధమాడలేనివి ఆకాశంలో ఉన్నవే. అమెరికా నౌకాదళ అకాడమీ చుక్కలను చూసి దారి కనుక్కునే పాఠాన్ని కొన్నేళ్లు మానివేసి 2015లో తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. కొత్త సాధనాన్ని పరీక్షించే ప్రతి ప్రయోగంలోనూ చివరి ప్రశ్న ఇదే కావాలంటాను. 'ఇది పోయిననాడు ఇక్కడున్న మనిషికి ఏం తెలుసు?'

ఇవన్నీ పెడితే ఆలస్యం అవుతుంది, ఖర్చు అవుతుంది అంటారు. నిజమే, అవుతుంది. ఓడల ప్రమాదాల్లో మనిషి పొరపాటుదే పెద్ద పాలు గనుక యంత్రం ఎంత త్వరగా వస్తే అంత మేలని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదాన్ని నేను తీసివేయను. మా శిష్యుడి తమ్ముణ్ణి ఏదో ఒక రోజు నిద్రమత్తులో ఉన్న మనిషి కంటే మేలుకొని ఉన్న యంత్రమే కాపాడవచ్చు. కాపాడాలనే నా కోరిక. అందుకే, ఆ యంత్రానికి వాడి టార్చిలైటు ముందుగా పరిచయం కావాలంటున్నాను.

విశాఖ నుంచి బయలుదేరే రోజు స్టేషనులో మా వాడికి ఆ పాత జవాబుపత్రం సంగతి చెప్పాను. పదికి ఒకటి వేసినది అతనికి గుర్తుంది. "వర్ణన లేదన్నారు మాస్టారూ" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "ఆ నాలుగు వాక్యాలూ నీ కుర్రాళ్లకు చెబుతున్నావా?" అన్నాను. ప్రతి బృందానికీ మొదటి రోజు రాత్రి డాబా మీదికి తీసుకువెళ్లి గొల్లకావడిని చూపిస్తాడట. కనపడని నెలల్లో అయితే అది ఏ వేళకు ఎక్కడ పొడుస్తుందో లెక్క వేయిస్తాడట.

అరబ్బీలో ముఅల్లిం అంటే గురువు. హిందూమహాసముద్రం మీద తిరిగిన నావికులు ఓడకు దారి చూపే వాణ్ణి ఆ మాటతోనే పిలిచేవారు. మన దేశపు కళాసీల నోట అది మాలిం అయింది. ఒకే మాటకు ఈ రెండర్థాలూ ఎందుకు కలిశాయో ఆ రోజు స్టేషనులో నాకు కొంత అర్థమైంది. మా ఇద్దరిలో ఆ మాట ఎవరికి తగినదో కూడా అర్థమైంది.

ఆ పదికి ఒకటిని ఇప్పుడు దిద్దే వీలు లేదు. పాత జవాబుపత్రాలు ఎప్పుడో చెదలు తిన్నాయి. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

మీలో ఓడల మీద పని చేసినవాళ్లు గానీ, ఇలాంటి సాధనాలు తయారు చేసే ఇంజనీర్లు గానీ ఉంటే నా పొరపాట్లు దిద్దండి. ఎర్ర సిరాతో దిద్దినా ఏమీ అనుకోను.

సెలవు.